బాతుల స్నానం నీళ్లు

కొండ దిగువన చెంగలి అనే కుందేలు తన వాళ్లతో కలిసి తోటకూర మడి వేసుకుంది. పైనున్న ఊట నీళ్లే ఆ మడికి ఆధారం. ఆ వేసవిలో ఊట సన్నబడేసరికి, ఎగువ మడుగులో ఉండే బాతులు మట్టికట్ట వేసి నీళ్లన్నీ ఆపేసుకున్నాయి. కింద తోటకూర తలలు వాల్చేసింది.

చెంగలి మండిపడుతూ కొండెక్కి, వెనక్కాళ్లతో కట్టను తన్నడం మొదలుపెట్టింది.

"తెంచకు వదినా!" అంటూ ముత్యాలు అనే బాతు పరుగెత్తుకొచ్చింది. "చూడు, మా పిల్లలకు పొట్ట తడిసేన్ని నీళ్లే ఉన్నాయి."

నిజమే. ఆ చాలీచాలని నీళ్లలోనే బాతుపిల్లలు కేరింతలు కొడుతున్నాయి. చెంగలికి ఇక కాలు లేవలేదు. దిక్కుతోచక చుట్టూ చూసింది. అంత ఎండలోనూ మడుగు పక్కనున్న ముళ్లపొదలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"వాటికి నీళ్లెక్కడివి వదినా?" అని అడిగింది.

"మా స్నానాలయ్యాక మురికినీళ్లు రోజూ అటే వదిలేస్తాం. తెల్లారేసరికి ఊట మళ్లీ ఈ కాసిన్ని నింపుతుంది."

"ఆ మురికే నాకివ్వు! నా తోటకూరకి అది పాయసం."

ముత్యాలు నోరెళ్లబెట్టింది. తవ్వడం కుందేళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య కదా, రెండు రోజుల్లో పొదల దగ్గర్నుంచి మడి దాకా కాలువ తీసేశాయి. నెల తిరక్కుండా తోటకూర చెంగలి చెవులను దాటి ఎదిగింది. బాతులన్నీ పిల్లాజెల్లాతో విందుకు దిగివచ్చాయి.

కడుపునిండా తిన్న ముత్యాలు, "రేపట్నుంచి రెండుపూటలా స్నానం చేస్తాం వదినా, నీకింకా నీళ్లొస్తాయి!" అంది హుషారుగా.

చెంగలి పడీపడీ నవ్వింది. "ఒక్కపూట చాలు తల్లీ! ఊటను కూడా కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."