అరచేతి కొలత

డాక్టరమ్మ చెప్పినదంతా ముత్తయ్య చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు. పెద్దకూర మానక్కర్లేదట. కొవ్వు తీసేసి, కూరగాయలతోపాటు అరచేతంత ముక్క తినొచ్చట.

ఆదివారం కూర రాగానే అతని భార్య రాజవ్వ కొవ్వంతా కోసి పక్కన పడేసింది. "చెయ్యి సాపు" అంది.

నలభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రి చెయ్యి, చాటంత ఉంటుంది. అది చాలనట్టు వేళ్లు కూడా విప్పి పెట్టాడు.

"డాక్టరమ్మ అరచెయ్యి అన్నది. వేళ్లు అనలే."

"వేళ్లు లేని చెయ్యి యాడన్న ఉంటదా?"

ప్రతి ఆదివారం ఇదే పంచాయితీ. ఈ వయసులో గింత ఆశ ఏందని వాడకట్టంతా నవ్వేది. రాజవ్వ గొణుక్కుంటూనే వేళ్ల కొసల దాకా కొలిచి కోసేది.

మూడు నెలలకు సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరి రిపోర్టులూ చూసింది.

"తాతా, నీ కొవ్వు తగ్గింది. అవ్వా, నీ రక్తం ఎనిమిది నుంచి పదకొండయింది. పోయినసారి, ముక్కలన్ని ఆయనకేసి శేర్వతోనే తింటనంటివి గదా. ఇప్పుడేం తింటున్నవ్?"

ముత్తయ్య తలెత్తి ఫ్యాను చూడసాగాడు.

"గదే శేర్వ బువ్వ, మేడం. నీళ్లకు లేచి వచ్చేసరికి బువ్వ కింద ముక్కలుంటున్నయి."

రాజవ్వ ముందుకు వంగి, రహస్యం చెప్పినట్టే, ముత్తయ్యకు వినబడేలా అంది:

"నాకు తెల్వదనుకుంటుండు. వచ్చే ఆదివారం చెయ్యి ఇంక జర సాపుమనున్రి."