ఏరి కన్న పిల్ల

“ఆ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టమ్మా. నన్నెందుకు కన్నావో ముందు చెప్పు!”

లాండ్రీలోకి కందిరీగలా దూసుకొచ్చిన కూతుర్ని చూసి తల్లి బిత్తరపోయింది. బల్ల మీద కొత్త చొక్కా సగం ఇస్త్రీలో ఉంది. ఏటా అన్నయ్య పుట్టినరోజుకి వచ్చే బస్సు మామయ్యకి పెట్టే చొక్కా అది. బస్సు నడిపే ఆ మనిషి ఏ వైపు చుట్టమో ఎవరూ చెప్పలేదు, ఈ పిల్లా అడగలేదు.

“ఎవరేమన్నారే?”

“పెద్దమ్మ చెప్పింది.”

తల్లి నిట్టూర్చింది. పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

“చిన్నప్పుడు అన్నయ్యకి రక్తజబ్బు చేస్తే, ఎముక మూలుగ ఇవ్వడానికి ఇంకో బిడ్డ కావాల్సొచ్చిందట. ల్యాబులో పిండాలు చేయించి, పరీక్షలు పెట్టించి, వాడికి సరిపోయేదాన్ని ఏరి కడుపులో పెట్టించుకున్నావట. అంటే నేను కూతుర్నా, స్పేర్‌పార్టునా?”

“ల్యాబు మాట నిజమే. పెద్దయ్యాక చెబుదామని...”

ఇంకేముంది, పిల్ల బావురుమంది. బంగారుతల్లీ, బుజ్జితల్లీ అని ఇన్నాళ్లూ ముద్దు చేసింది ఇందుకన్నమాట!

అంతలో అన్నయ్య బస్సు మామయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

“ఓసి పిచ్చుకా! నీ మూలుగ నాకెవరు ఎక్కించారే? నా ఎముకల్లో ఉన్నది ఈయనది. ముక్కూమొహం తెలియనివాడికి అడగ్గానే వచ్చి ఇచ్చిన మారాజు.”

“నాదేముంది, డాక్టర్లు రమ్మన్నారు, వెళ్లాను,” అన్నాడు మామయ్య సిగ్గుపడుతూ. “ముందా చొక్కా సంగతి చూడమ్మా, కాలుతోంది.”

తల్లి నాలుక కరుచుకుని ఇస్త్రీపెట్టె ఎత్తింది. పిల్లకి ఏడుపులోనే నవ్వొచ్చింది. తన ఒంట్లోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు! గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. కళ్లు తుడుచుకుంటుంటే మళ్లీ అనుమానం పుట్టుకొచ్చింది.

“మరి నాదెందుకు తీసుకోలేదు?”

“నీది వాడికి సరిపోలేదే.”

“అంటే దేనికోసం కన్నారో దానికీ పనికిరాలేదా?” పిల్ల మళ్లీ మొదలెట్టింది. “నేను పుట్టాక ఆ మాట తెలిసి ఎంత ఏడ్చావో పాపం!”

తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“పుట్టాక కాదే పిచ్చిమొద్దూ,” అంది.

“నిన్ను కడుపులో పెట్టించుకోక ముందే తెలుసు.”