నూట రెండు డిగ్రీలు

“నూట రెండు!”

అరిచాడు జోనా. ఎనభై దగ్గర ఉండాల్సిన నీళ్లవి. వాళ్లుండే బ్రూక్‌ఫీల్డ్ ఏరియాలో పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియానికి నీళ్లు చల్లబరిచే మిషనూ ఆగింది, పంపూ ఆగింది. ఆ కంగారులో తొట్టి థర్మామీటరు చేయి జారి పగిలింది. వంటింటి కిటికీలో కనిపించిన జ్వరం థర్మామీటరే తెచ్చి ముంచాడు.

చదువుకున్నవాడే. కానీ భయం పట్టుకున్నాక చదువు ఎక్కడ గుర్తొస్తుంది? లోపల పగడాలు అప్పటికే ముడుచుకుపోతున్నాయి. వేడి ఇంకాస్త ఎక్కితే తెల్లబడి చచ్చిపోతాయి. పసిపిల్లల్లా సాకిన ప్రాణాలు. చేతి జిడ్డు తగిలినా పడదని ఆ నీళ్లలో ఏనాడూ ఉత్త చేయి పెట్టలేదు, మోచేతిదాకా రబ్బరు గ్లౌజులే.

“అమ్మా, కింద అంగడికి పోయి ఐసు తీసుకురా, బేగ! నేను నీళ్లు తోడి మళ్లా అందులోనే పోస్తా ఉండకుంటే చేపలకు ఊపిరాడదు.”

సుగుణమ్మ గోడకానుకొని కూర్చుని ఉంది, అంత ఎండలోనూ శాలువా కప్పుకొని. “పోతా నాయనా” అంటూ మెల్లగా లేచింది. లిఫ్టు లేదు. మూడంతస్తులు దిగి, మళ్లీ ఎక్కి, ఐసు తెచ్చింది.

జోనా దాన్ని కవర్లలో మూటగట్టి నీళ్లమీద తేల్చాడు. కాసేపాగి థర్మామీటరు ముంచి చూశాడు.

నూట రెండు.

“దిగలేదమ్మా! ఇంకా తేవాల.”

“రవ్వంతసేపు కూచొని పోతా నాయనా.”

“నువ్వు కూచుంటే ఈడ అన్నీ చస్తాయి!”

ఆమె వెళ్లింది. తెచ్చింది. మళ్లీ వెళ్లింది. ఎన్ని మూటలు వేసినా నూట రెండే. చారల చేప ఒకటి అడుగున పక్కకు ఒరిగిపోయింది. జోనా “ప్రభువా, ప్రభువా” అనుకుంటూ తల్లిని మరోసారి ఐసుకు తరిమాడు.

డ్యూటీ దిగి నర్సు యూనిఫాంలోనే ఇల్లు చేరిన అతని భార్య ప్రిస్కిల్లా, ఆ మూటలు చూసి, నీళ్లలో చేయి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది.

“అయ్యో, గడ్డకట్టేటట్ల ఉండాయి! చలికి చంపుతా ఉండారు వాటిని. ఐసు తీసేయండి ముందు!”

“నూట రెండు చూపిస్తా ఉండాది కదే!”

ఆమె థర్మామీటరు వైపు చూసి తల పట్టుకుంది. “దీంట్లో పాదరసం ఒకసారి ఎక్కితే విదిలించిందాకా దిగదండీ. నేను ఎప్పుడూ విదిలించినాకనే డబ్బాలో పెడతా. ఎవురో జ్వరం చూసుకొని అట్లే పెట్టినారు.”

జోనా నమ్మలేకపోయాడు. గ్లౌజులు పీకి పారేసి నీళ్లలో చేయి ముంచాడు. వేళ్లు కొంకర్లు పోయాయి.

“ఇదో నాయనా, ఐసు” అంటూ సుగుణమ్మ గడప పట్టుకొని లోపలికి వచ్చింది.

సంచి అందుకోబోయిన జోనాకు ముందు తల్లి చేయి తగిలింది. అది పెనంలా కాలిపోతోంది.