షారోన్ పాసయింది

“సార్, పాసైన!” ఫోన్‌లో రిజల్టు చూపిస్తూ ఖాళీ క్లాసులోకి దూసుకొచ్చింది షారోన్.

స్టాటిస్టిక్స్ తప్పినవాళ్ల కోసం కాలేజీ సాయంత్రాలు పెట్టిన స్పెషల్ క్లాసది. వచ్చేది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఝరాసంగం వెళ్లే ఆటో దొరకదని ముందే మాయం.

మహాదేవప్ప సార్ చావు కబురు విన్నట్టు చూశారు. “మంచిగైంది. రేపటి నుంచి రాకు.”

“గదేంది సార్, ఫెయిలైనట్టు మొహం పెట్టిన్రు?”

“తప్పినోళ్లకే ఈ క్లాసు. నువ్వూ పోతే బంద్.”

“మంచిదే కద! మీరు గూడ జల్ది ఇంటికి పోవచ్చు.”

“పొద్దుగాల క్లాసుల అరవైమంది ఉంటరు. గోడలకు చెప్పినట్టే. నువ్వొక్కదానివే ‘సమజ్ కాలే, మళ్ల చెప్పున్రి’ అని నా పానం తిన్నవ్...” సార్ అటు తిరిగి, ఏమీ రాయని బోర్డును తుడవసాగారు.

వెళ్లబోతున్న షారోన్ తలుపు దగ్గర ఆగిపోయింది. తన మొద్దుబుర్రను ఇన్నాళ్లూ సార్ భరిస్తున్నారనే అనుకుంది.

వెనక్కొచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

“పాసైతే అయిన గానీ సార్, ఎట్ల పాసైననో సమజ్ కాలే. జర మళ్ల చెప్పున్రి.”

“మొదటి నుంచా, మొద్దూ?” అని కసురుకుంటూనే సార్ కొత్త చాక్‌పీసు తీశారు.