చప్పిడి కూర

సమ్మవ్వ సొరకాయ కూర దించి మూత పెట్టింది. అందులో చింతపండు లేదు, కారం లేదు, చివరికి వాసన కూడా లేదు. దాన్ని కూర అనడానికి ఆమెకు మనసొప్పలేదు.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన సదయ్య కాళ్లూ చేతులూ కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. గోదావరిఖని బొగ్గుబాయిలో బొగ్గు నింపే పని అతనిది. కంచంలోకి చూసి నిట్టూర్చాడు.

"ఇయ్యాల గూడ గిదేనా?"

"నేను గూడ గిదే తింటలేనా? మాట్లాడకుంట తిను."

సదయ్య ముద్ద కలుపుకున్నాడు.

కిందటేడు మొదలైంది ఈ గోస. మోకాళ్లు నొస్తున్నాయని, తోడు రమ్మని సమ్మవ్వను వెంటబెట్టుకుని సదయ్య బజారులోని హకీం రహమతుల్లా దగ్గరికి వెళ్లాడు. హకీం ఇద్దరి నాడీ చూశాడు. వండిపెట్టే చేతులు గదా అంటూ సమ్మవ్వ వేళ్లు కూడా తిప్పి, పిడికిలి పట్టించి చూశాడు. ఆమెను బయట అరుగు మీద కూర్చోమని, లోపల సదయ్యతో చాలాసేపు మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి సదయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కీళ్లవాతమట. ఎన్నటికి పోదట. నోరు కట్టుకుంటె ముదరదట."

ఆ రోగం సమ్మవ్వకు కొత్త కాదు. ఆమె తల్లికి అదే వచ్చింది. వేళ్లు కొంకర్లు పోయి, ఆఖరికి ముద్ద నోట్లో పెట్టుకోవడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చింది. సదయ్య చేతులూ అట్లా అయితే బాయిలో డ్యూటీ పోతుంది. డ్యూటీ పోతే కంపెనీ క్వార్టర్ పోతుంది. పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి పోవాలి?

ఆ రోజు నుంచి పులుపు బంద్. వంకాయ బంద్. చేపలు, కల్లు బంద్. జొన్న గట్క, పెసరపప్పు, సొరకాయ. పొద్దునా సాయంత్రం చేదు కషాయం.

పచ్చిపులుసు లేనిదే సమ్మవ్వకు ముద్ద దిగేది కాదు. అయినా మొగుడు చప్పిడి తింటుంటే తను పులుసు పోసుకునే మనిషి కాదామె. కుండ ఒకటే, కూర ఒకటే. అతను తిన్నాక మిగిలింది తన కంచంలో వేసుకునేది. కషాయం దగ్గరా అదే వరస.

"ఒక్కనికి దిగుతలేదే. నువ్వు గూడ ఇంత తాగు," అని బతిమాలేవాడు సదయ్య.

ఏం మగాళ్లో, చేదు మింగడానికి కూడా తోడు కావాలి. ముక్కు మూసుకుని తాగేది.

నీళ్లు తోడడం, బట్టలు పిండడం సదయ్యే అందుకున్నాడు. వేళ్లకు పని చెప్పమన్నాడట హకీం. వాడకట్టంతా నవ్వినా మానలేదు. తెల్లారగట్ల మోకాళ్లకు వేడి నూనె మాత్రం ఆమెతోనే రాయించుకునేవాడు. ఆ వేళప్పుడు ఆమె వేళ్లూ బిగుసుకునే ఉండేవి. ఇంత చాకిరీకి బిగుసుకోక ఏం చేస్తాయి అనుకుని అట్లాగే రాసేది.

సమ్మవ్వ నిజంగా అలసిపోయింది. సొరకాయ కోస్తుంటే ఒక్కోసారి ఊరికే ఏడుపు వచ్చేది.

ఆ సాయంత్రం పక్క క్వార్టర్ సారవ్వ వచ్చి గడపలో కూర్చుంది.

"వదినె, సదన్న పత్యం అయిపోయిందా?"

"ఎక్కడిది? గది అయిపోయే పత్యమా?"

"ఏమో మరి. నిన్న కల్లు దుకాణం కాడ కూసొని చేపల పులుసు జుర్రుతాండట. మా ఆయన కండ్లార చూసిండు."

సమ్మవ్వకు ఒళ్లు మండింది. తర్వాత భయమేసింది. ఏడాదిపాటు నోరు కట్టుకున్నదంతా బూడిదలో పోసినట్టయింది. సదయ్యను ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడని తెలుసు.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే కొంగు బిగించి హకీం దగ్గరికి నడిచింది.

"సాబ్, ఇగ నాతోని గాదు. నేనేమో యాడాది సంది చప్పిడి తింటున్న. ఆయనేమో దొంగతనంగ చేపలు తింటాండు. రేపు ఆయన చేతులు మా అవ్వ చేతులోలె అయితే మా బతుకేం గావాలె? మీరే జర గట్టిగ చెప్పుండ్రి."

హకీం నూరుతున్న మందు పక్కన పెట్టాడు. ఆమెను ఎగాదిగా చూశాడు.

"చేతులు ఇటు వెట్టు బేటీ. పిడికిలి పట్టు."

ఇదేం పంచాయితీ అనుకుంటూ పట్టింది.

"ఇడువు."

విడిచింది. ముసలాయన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

"అల్లా మెహర్బానీ. నిరుడు గీ పిడికిలి సగం గూడ మూసుకోలే."

"నా చేతులదేమున్నది సాబ్, ఆయన సంగతి చెప్పుండ్రి," అంది సమ్మవ్వ విసుగ్గా.

"ఆయనకు వాతం ఎక్కడిది బేటీ, నీకని చెప్తె నువ్వు ఒక్క పూట గూడ పత్యం చెయ్యవని తనకని చెప్పిండు."