బొంత మూలలు

"మూలలు ముట్టుకోకు, అవి నావి," అంటూ వదిన కత్తెర లాక్కుంది.

మరదలు పక్కకి జరిగింది. ఏ బొంతకైనా ఇదే తంతు. చదరపు గళ్లన్నీ వజ్రాల్లా మొన మీద నిలబెట్టి, నడుం పడిపోయేలా కుట్టేది తను. ఖాళీగా మిగిలిన నాలుగు మూలల్లో, మరదలు కత్తిరించి ఇచ్చిన ముక్కోణాలు అతికించి, "నేను కుట్టిన బొంత" అని ఊరంతా చాటేది వదిన. ఇవాళ కత్తిరించడం కూడా ఆవిడే మొదలుపెట్టింది.

"వదినా, క్రాస్‌గా, ఏటవాలుగా తెగిన గుడ్డ బయటి అంచుకొస్తే సాగిపోతుందేమో..."

"నువ్వా నాకు నేర్పేది?"

"అయ్యో, ఎంతమాట!" మరదలు సూదిలో దారం ఎక్కించసాగింది.

కుట్టడం అయ్యాక మంచం మీద పరిచారు. అత్తగారు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదేం చోద్యమే! మూలలు కుక్క చెవుల్లా వేలాడుతున్నాయి. ఎవరి పనితనం ఇది?"

వదిన తడుముకోలేదు. "ఇంకెవరమ్మా, నీ కోడలే! మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా తనే. నేను సూదైనా ముట్టలేదు."

ఇన్నేళ్లలో వదిన నోట ఆ మాట రావడం అదే మొదలు. మరదలి మొహం వెలిగిపోయింది.

"అవునత్తయ్యా, బొంత మొత్తం నాదే," అంది. "వదినే సాక్ష్యం."