ఒక్క ట్యాంకు

"మళ్ళీ పెట్రోలు కొట్టించకుండా బండిని ఎంత దూరం లాగొచ్చమ్మా?" అని అడిగాడు రత్నరాజు.

హెల్మెట్ తీస్తున్న అవని వింతగా చూసింది. బెంటన్‌విల్‌లోని ఆ ఆఫీసుకి మోటార్‌సైకిల్ మీద వచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. చేరి నెల కూడా కాలేదు. అదే అంతస్తులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా ఇంటి సంగతులు ఎవరికీ చెప్పని రత్నరాజు ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"ఏ బైక్ అంకుల్?"

చెప్పాడు.

"ఓ, దానిది త్రీ గ్యాలన్ ట్యాంక్. ఫుల్‌గా ఉంటే వన్ ఎయిటీ మైల్స్ వస్తుంది."

"అసలు బయటికి తియ్యకుండా గరాజ్‌లోనే ఉంచేస్తే?"

"నో నో! కొన్ని మంత్స్‌కి గ్యాస్ పాడైపోతుంది. ఇంజన్‌కి కూడా బ్యాడ్. డ్రైవ్ చెయ్యాలి అంకుల్."



"అయితే వీలైనంత మెల్లగా ఖర్చయ్యేలా ఎలా నడపాలో నేర్పు."

ఆ వారమంతా లంచ్ టైంలో, ఖాళీగా ఉండే వెనక పార్కింగ్‌లో, అవని తన బండి మీదే నేర్పింది. కాకినాడలో కాలేజీ రోజుల తర్వాత అతను హ్యాండిల్ పట్టుకోవడం అదే.

"ఆ ముల్లు చూడండి. ఫోర్ థౌజండ్ దాటకముందే పై గేర్‌కి వెళ్ళిపోండి. ఇంజన్ అరిచింది అంటే గ్యాస్ తాగుతుంది అని."

"మరి మొదట్నించీ పెద్ద గేర్లోనే నడిపితే?"

"అది ఇంకా వర్స్! స్లోగా వెళ్తూ టాప్ గేర్‌లో ఉంటే ఇంజన్ వణుకుతుంది, చూడండి. థ్రాటిల్ ఇంకా తిప్పాలి. అరవకూడదు, వణక్కూడదు. మధ్యలో ఉంచాలి. దూరంగా రెడ్ లైట్ కనిపిస్తే ఇక్కడ్నించే థ్రాటిల్ వదిలెయ్యండి. గేర్‌లోనే రోల్ అవుతుంది."

జూన్ రెండో ఆదివారం తన గరాజ్‌లోంచి బండి బయటికి తీశాడు రత్నరాజు. మిగతా అన్ని పనులకీ కారే. ఈ బండి మాత్రం చర్చికి. రోజర్స్‌లో ఒక అద్దె హాల్లో తెలుగు ఆరాధన జరుగుతుంది. పోవడానికి తొమ్మిది మైళ్ళు, రావడానికి తొమ్మిది.

హైవే మీద కాకుండా లోపలి రోడ్డు మీద నలభై అయిదులో పోయేవాడు. వెనకనుంచి పికప్ ట్రక్కులు హారన్లు కొట్టేవి. పక్కకి జరిగి దారిచ్చేవాడు తప్ప వేగం పెంచేవాడు కాదు. మిట్ట వస్తోందనగా ముందే ఒక గేరు దించేవాడు. పల్లంలో థ్రాటిల్ వదిలేసేవాడు. ఇంజన్ సన్నగా, సాఫీగా పాడుతూ ఉంటే అతని భుజాలు కాస్త దిగేవి.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టర్ ఇమ్మాన్యుయేల్ గారు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదిలేవారు కాదు. "భోంచేసి వెళ్దురు గాని, ఉండండి" అనేవారు. "ఇంకో వారం సార్" అని బయటపడేవాడు.

ఇంటికొచ్చి గరాజ్ తలుపు దించి, బండి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వేడెక్కిన ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. ఆ చప్పుడు కూడా ఆగిపోయాక లేచి, లైటు వేసుకుంటూ లోపలికి వెళ్ళేవాడు.

సోమవారం అవని అడిగేది. "గ్యాలన్‌కి ఎంత వస్తోంది?"

"డెబ్బై నాలుగు."

"వావ్! నాకే సిక్స్టీ రాదు అంకుల్!"

సంగతి ఆఫీసంతా పాకింది. "మైలేజ్ మాస్టారు" అని పేరు పెట్టారు. "ఇంత పొదుపు ఎక్కడా చూళ్ళేదు సార్, మేమే చందాలేసి ఒక ట్యాంకు కొట్టిస్తాం" అన్నాడు శ్రేయాస్. అందరితోపాటు రత్నరాజు కూడా నవ్వాడు.

"ఇంత స్లోగా వెళ్తే ఆంటీ ఏమీ అనరా?" అంది అవని ఒకరోజు.

"ఏమీ అనదమ్మా."

ఆగస్టు చివర్లో, ట్యాంకు అడుగంటిందని మీటర్లో ఎర్ర దీపం వెలిగింది. ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్ర పట్టలేదు. అయినా తర్వాతి ఆదివారం బండే తీశాడు. చర్చికి చేరాడు. తిరుగుదారిలో, ఇల్లు ఇంకా రెండు మైళ్ళుందనగా, ఇంజన్ ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

రోడ్డు పక్కన గడ్డిలోకి బండి తోశాడు. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లోపల ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఫోన్ తీసి అవనికి చేశాడు.

అరగంటలో ఆమె కారులో వచ్చింది. చేతిలో ఎర్ర క్యాను. మీటర్ చూసి గంతేసినంత పని చేసింది.

"థర్టీన్ సండేస్! ఒక్క ట్యాంక్! ఆల్మోస్ట్ ఎయిటీ వచ్చింది అంకుల్, యూ ఆర్ క్రేజీ!"

మూత తిప్పి, క్యాను ఎత్తింది. రత్నరాజు ట్యాంకు నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటి అంకుల్? ఫ్రీ గ్యాస్! దీనికి కూడా ఇంత పిసినారితనమా?"

"పొయ్యి తల్లీ. ఒక్క నిమిషం ఆగి పొయ్యి."

చెయ్యి తీసి, వంగి, ఆ చిన్న నోటికి ముఖం ఆనించాడు. కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. కార్లు పోతున్నాయి. అతను లేవలేదు.

అవని క్యాను కింద పెట్టింది.

"ఎంప్టీ కదా అంకుల్... ఏముంది అందులో?"

"మా ఆవిడ లూసీ పోయే ముందురోజు సాయంత్రం, రేపు చర్చికి నా వెనక కూర్చోండి, నేనే తీసుకెళ్తానంటూ తన చేత్తో నింపి తెచ్చిన ట్యాంకమ్మా ఇది."